కిట్టెల్ అన్న ఇంటిపేరున్న ప్రముఖుల జాబితా తప్పుల్లేకుండా తయారుచేయడం ఎలా?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్లకి కిట్టెల్ అంటే సాలిడ్ స్టేట్ (ఘన పదార్థాల భౌతికశాస్త్రం) పుస్తకం. కన్నడ సాహిత్యం చదివినవాళ్లకి కిట్టెల్ అంటే నిఘంటువు. సైకిల్ రేసులు చూసేవాళ్లకి గీత దాటే ఆఖరి రెండు వందల మీటర్లలో అందరినీ వెనక్కి నెట్టిన పొడుగాటి జర్మన్. ముగ్గురూ వేరు, ముగ్గురి కాలాలూ వేరు, దేశాలూ వేరు. కానీ ‘కిట్టెల్’ అని మాత్రమే రాసి వెతికితే ముగ్గురూ కలగాపులగంగా వచ్చి పడతారు. వాళ్లతోపాటు డాక్టర్లు వేసుకునే తెల్ల కోట్ల ప్రకటనలు కూడా వస్తాయి, ఎందుకంటే జర్మన్‌లో ఆ మాటకి అర్థం అదే.

ఇలా ఒకే ఇంటిపేరున్న ప్రముఖులను ఒకచోట చేర్చి, ఎవరెవరో విడదీసి చూపించే పేజీ చాలా ఉపయోగమైన పని. తెలుగు వికీపీడియాలో దాన్ని అయోమయ నివృత్తి పేజీ అంటారు. లైబ్రరీ కేటలాగుకైనా, పత్రికలో శీర్షికకైనా పద్ధతి ఒకటే. ఆ పద్ధతిని కిట్టెల్ అన్న పేరు మీదే మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఒక్క నియమం ముందే గుర్తుపెట్టుకోండి: ఒక మనిషి జాబితాలో లేకపోవడం చిన్న లోపం, ఇద్దరు మనుషులను కలిపి ఒకరిని చేయడం పెద్ద తప్పు. లోపాన్ని రేపు ఎవరైనా పూడుస్తారు. కలిపేసిన ఇద్దరిని మాత్రం పదిచోట్లకు పాకాక విడదీయడం చాలా కష్టం.

1. పేరు ఈ పనికి తగినదేనా చూసుకోండి

ముల్లర్, ష్మిట్, ష్నైడర్ లాంటి పేర్లతో మొదలుపెట్టకండి. ఆ ఇంటిపేర్లున్న ప్రముఖులు వందల్లో ఉంటారు, జాబితా ఎప్పటికీ పూర్తికాదు. ఇద్దరే ప్రముఖులున్న పేరుకి జాబితా అక్కర్లేదు, ఒకరి పేజీలో రెండోవారి గురించి ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. ఎనిమిది నుంచి ఇరవై మంది దాకా తేలే పేరు మీకు సరైన కొలత. కిట్టెల్ అలాంటిదే.

అరుదైన పేరుకి ఇంకో గుణం ఉంది. అది ఒంటరిగా నిలబడుతుంది. తెలుగు నిఘంటువు అనగానే మనకు గుర్తొచ్చే దొర పేరు బ్రౌన్, కానీ ఎప్పుడూ సీ.పీ. బ్రౌన్ అనే అంటాం. బ్రౌన్లు లోకంలో కోకొల్లలు కాబట్టి ముందు అక్షరాలు తగిలించక తప్పదు. కన్నడంలో మాత్రం ‘కిట్టెల్ కోశ’ అంటే చాలు. ఈ గుణమే మనల్ని మోసం కూడా చేస్తుంది: పేరు అరుదైనది కదా, ఎక్కడ కనిపించినా ఆ మనిషే అయివుంటాడని మనసు తేల్చేస్తుంది.

2. పేరు ఎక్కడినుంచి పుట్టిందో రెండు వాక్యాల్లో రాయండి

జర్మన్‌లో కిట్టెల్ అంటే బట్టల మీద వేసుకునే వదులైన పైఅంగీ. మధ్యయుగ జర్మన్‌లో నార, నూలు బట్టతో కుట్టిన పైవస్త్రానికి ఈ మాట ఉండేది. అలాంటి అంగీ ఎప్పుడూ వేసుకుని తిరిగేవాడికో, దాన్ని కుట్టేవాడికో అది పిలుపుగా అంటుకుని, తర్వాత ఇంటిపేరుగా స్థిరపడింది. యూదులు యోమ్ కిప్పూర్ నాడు, పస్కా విందులోనూ వేసుకునే తెల్లని అంగీని కూడా కిట్టెల్ అనే అంటారు. జాబితా పైన ఈ రెండర్థాలూ ఒక వాక్యంలో చెప్పేస్తే, వస్త్రం గురించి వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడికి కూడా దారి దొరుకుతుంది.

పుట్టుక తెలియడం అలంకారం కోసం కాదు, దానికి పని ఉంది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చాయి. ఇంటిపేరూ గోత్రమూ కలిస్తే దాయాదులమని లెక్క వేసుకుంటాం. జర్మన్ పేర్లకి ఈ లెక్క పనికిరాదు. అంగీ వేసుకునేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, కాబట్టి ఈ పేరు ఒకదానికొకటి సంబంధం లేకుండా పలుచోట్ల పుట్టగలదు. వృత్తి నుంచి, బట్ట నుంచి, ఒంటి రూపం నుంచి వచ్చిన పేర్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ‘ఒకే ఇంటిపేరు, కాబట్టి ఒకే వంశం’ అన్న ఆలోచన తెలుగువాళ్లకి సహజంగా వస్తుంది. జాబితాలో దాని నీడ కూడా పడనివ్వకండి.

3. పేర్లు పోగుచేయండి

వెతికేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే వాడకండి. దానికి వృత్తినో, ఊరునో, శతాబ్దాన్నో జోడించండి: కిట్టెల్ ఆర్గన్, కిట్టెల్ లైప్‌జిగ్, కిట్టెల్ మంగళూరు. వెతికే మాట జర్మన్‌లో ఉంటే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి.

తర్వాత మూడుచోట్ల చూడండి. మొదటిది వికీడేటా, వికీపీడియా వ్యాసాల వెనకుండే సమాచార నిధి. అక్కడ మనుషుల అంశాలకి ‘ఇంటిపేరు’ అనే లక్షణం ఉంటుంది, దాని సంఖ్య పి734. ఆ లక్షణంలో కిట్టెల్ అని నమోదైన అంశాలన్నిటినీ ఒక్క ప్రశ్నతో రప్పించుకోవచ్చు. అయితే లక్షణం నింపని అంశాలు అందులో రావు కాబట్టి దానితోనే ఆగకూడదు. రెండోది డాయిచే బయోగ్రఫీ, జర్మన్ చరిత్రలోని వ్యక్తుల కోశం. మూడోది జర్మన్ జాతీయ గ్రంథాలయం వాడే జీఎన్‌డీ సంఖ్య. ఒక్కో రచయితకీ, సంగీతకారుడికీ, పండితుడికీ ఒక్కో సంఖ్య ఉంటుంది. పేరు ఒకటే అయినా సంఖ్యలు వేరైతే మనుషులు వేరని మీకు గట్టి సూచన. అదే ఆఖరి మాట మాత్రం కాదు, ఒకే మనిషికి పొరపాటున రెండు సంఖ్యలు పడ్డ సందర్భాలూ ఉంటాయి.

ఈ దశలో ఏదీ తీసేయకండి. సందేహం ఉన్న పేరు కూడా రాసుకోండి, వడకట్టడం తర్వాత.

4. మనిషికో కార్డు రాయండి

కాగితం కార్డు కావచ్చు, స్ప్రెడ్‌షీటులో ఒక వరస కావచ్చు. ప్రతి మనిషికీ ఈ ఏడూ ఉండాలి: మూల భాషలో పేరు అక్షరం అక్షరం, పుట్టిన సంవత్సరం, పుట్టిన ఊరు, పోయిన సంవత్సరం, పని, ఆ మనిషి జాబితాలో ఉండడానికి ఒకే ఒక్క కారణం, ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తిరాయని రెండు ఆధారాలు. జీఎన్‌డీ సంఖ్య దొరికితే అదీ రాసుకోండి.

ఒక కార్డు ఎలా ఉంటుందో చూడండి (మూల భాష పేరు, ఆధారాలు ఇక్కడ వదిలేశాం).

ఫెర్డినాండ్ కిట్టెల్. పుట్టింది 1832, రెస్టర్‌హాఫె, తూర్పు ఫ్రీజియా. పోయింది 1903, ట్యూబింగెన్. స్విట్జర్లాండ్ ప్రొటెస్టెంట్ సంస్థ బాసెల్ మిషన్ తరఫు మిషనరీ, 1853లో భారతదేశానికి వచ్చాడు. కారణం: 1894లో మంగళూరులో అచ్చయిన కన్నడ–ఇంగ్లిష్ నిఘంటువు, దాదాపు 70,000 పదాలు.

ఈ కార్డు మీద మరో వివరం కూడా రాసుకోవచ్చు, తెలుగు పాఠకుడికి అది విలువైనది. ఆ నిఘంటువులో కన్నడ మాట పక్కన తెలుగు, తమిళం, మలయాళం, తుళు రూపాలు కూడా చాలాచోట్ల ఇచ్చాడు. తర్వాత భాషావేత్తలు బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, సవరించిన కూర్పు 1984) కన్నడ మాటలకి ప్రధానంగా కిట్టెల్ మీదే ఆధారపడింది. తెలుగు మాటల పుట్టుక వెతికేవాళ్లు తెలిసో తెలియకో ఆయన పని మీద నిలబడే ముందుకు వెళ్తున్నారు.

‘ఒకే ఒక్క కారణం’ అన్న గడిని నింపలేకపోతే ఆ మనిషిని పక్కన పెట్టండి. ఊళ్లో పేరున్న వ్యాపారి, ఒక సంఘానికి కార్యదర్శి, ఎవరో ప్రముఖుడికి మేనల్లుడు, ఇవి కారణాలు కావు.

తేదీల విషయంలో తొందరపడకండి. ఒక ఆధారంలో ఒక తేదీ, ఇంకోదాంట్లో మరుసటి రోజు కనిపించడం మామూలే. రెండో ప్రపంచయుద్ధంలో 267 విమానాలు కూల్చాడని లెక్కకెక్కిన జర్మన్ పైలట్ ఒట్టో కిట్టెల్ చనిపోయింది 1945 ఫిబ్రవరి 14నా, 16నా అన్న విషయంలో ఆధారాలు కలవవు. జాబితాకి సంవత్సరం చాలు. తేడా ఉన్నచోట ‘1945’ అని ఆపేస్తే తప్పు పడదు, పాఠకుడికి నష్టమూ లేదు.

5. పేరు మొత్తం కలిసినవాళ్లను ముందు విడదీయండి

అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం ఈ దశకే కేటాయించండి.

బ్రూనో కిట్టెల్ అనే పేరుతో ఇద్దరున్నారు. ఒకరు సంగీత నిర్వాహకుడు (కండక్టర్), 1870లో పుట్టి 1948లో పోయాడు. 1902లో బెర్లిన్‌లో తన పేరుతోనే ఒక బృందగాన మండలిని స్థాపించాడు. మరో జర్మన్ సంగీత నిర్వాహకుడు ఫుర్ట్‌వెంగ్లర్ 1942 మార్చిలో బెర్లిన్‌లో బీతోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించినప్పుడు పాడింది ఆ మండలే. రెండో బ్రూనో కిట్టెల్ 1922లో ఆస్ట్రియాలో పుట్టిన, నాజీల సాయుధ దళమైన ఎస్‌ఎస్ అధికారి. 1943 సెప్టెంబరులో విల్నాలో (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్) యూదులను బంధించి ఉంచిన గెట్టోను ఖాళీ చేయించి, అక్కడి మనుషులను చావుకీ శిబిరాలకీ పంపిన పనిని దగ్గరుండి నడిపించినవాడు. యుద్ధం ముగిశాక ఆచూకీ లేకుండా పోయాడు.

ఇప్పుడు ఆలోచించండి. పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కాలం 1940లు, రాజ్యం నాజీలది, ఇద్దరి పేర్లూ అదే కాలపు కాగితాల్లో వస్తాయి. పుట్టిన సంవత్సరం చూడకుండా రాసేస్తే ఒక సంగీతకారుడి నెత్తిన వేలమంది ప్రాణాలు తీసిన నేరం పడుతుంది, లేదా ఒక హంతకుడి జీవితంలోకి బృందగానం వచ్చి చేరుతుంది. కార్డు మీద పుట్టిన ఏడు రాసి ఉంటే ఈ ముడి అరనిమిషంలో విడిపోతుంది. ఇద్దరి మధ్య 52 ఏళ్ల తేడా ఉంది. అందుకే ఆ గడి ఖాళీగా ఉన్న కార్డుని జాబితాలోకి పోనివ్వకూడదు.

ఇలాంటి జంట దొరికితే జాబితాలో వాళ్లిద్దరినీ పక్కపక్కన పెట్టి, పేరు వెంటనే బ్రాకెట్లో పని రాయండి: బ్రూనో కిట్టెల్ (సంగీత నిర్వాహకుడు), బ్రూనో కిట్టెల్ (ఎస్‌ఎస్ అధికారి). సంవత్సరాలు మాత్రమే ఇస్తే తొందరలో ఉన్న పాఠకుడి కళ్లు వాటిని దాటేస్తాయి.

6. బంధుత్వం కాగితం మీద దొరికితేనే రాయండి

రుడాల్ఫ్ కిట్టెల్ (1853–1929) లైప్‌జిగ్‌లో పాత నిబంధన పండితుడు, హీబ్రూ బైబిల్ పరిష్కృత ప్రతి ‘బిబ్లియా హెబ్రాయికా’కు సంపాదకుడు. దాని మొదటి కూర్పు 1906 నాటికి పూర్తయింది. గెర్హార్డ్ కిట్టెల్ (1888–1948) ట్యూబింగెన్‌లో కొత్త నిబంధన పండితుడు. గెర్హార్డ్ రుడాల్ఫ్ కొడుకు. రుడాల్ఫ్ బ్రెస్లావ్‌లో ప్రొఫెసరుగా చేరిన 1888లోనే గెర్హార్డ్ ఆ ఊళ్లో పుట్టాడు, జీవిత చరిత్ర కోశాలన్నీ బంధుత్వాన్ని సూటిగా చెబుతాయి. కాబట్టి ‘రుడాల్ఫ్ కొడుకు’ అని ధైర్యంగా రాయండి.

ఇప్పుడు ఇందాకటి ఫెర్డినాండ్ కార్డు పక్కన పెట్టి చూడండి. ఆయనా ప్రొటెస్టెంట్ మతసేవకుడే, ఆయనా భాషాపండితుడే. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం 1896లో ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, చనిపోయిందీ ఆ ఊళ్లోనే. గెర్హార్డ్ 1926 నుంచి అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఊరు ఒకటి, మతం ఒకటి, పాండిత్యం ఒక తరహాది, ఇంటిపేరు అరుదైనది. ‘ముగ్గురూ ఒకే కుటుంబం’ అని రాయడానికి చెయ్యి ఊరుకోదు.

అయినా రాయకండి. ఫెర్డినాండ్ పుట్టింది ఉత్తర సముద్రం ఒడ్డున, రుడాల్ఫ్ పుట్టింది దక్షిణాన వుర్టెంబర్గ్‌లోని ఎనింగెన్‌లో. దేశానికి ఆ కొస, ఈ కొస. మిగిలిన పోలికలన్నీ ట్యూబింగెన్ పెద్ద విశ్వవిద్యాలయం కావడం వల్ల వచ్చినవి, పండితులు అక్కడ పోగవడం వింత కాదు. బంధుత్వం లేదని కూడా మీరు చెప్పనక్కర్లేదు. ఆధారం దొరకనప్పుడు ఆ ప్రస్తావనే తేకుండా ఇద్దరినీ వేర్వేరు వరసల్లో ఉంచితే చాలు.

7. దగ్గరి పేర్లను బయటికి పంపండి

కిట్టెల్ చుట్టూ నాలుగు రకాల పేర్లు తిరుగుతుంటాయి.

మొదటిది కైటెల్. నురంబర్గ్ తీర్పు తర్వాత 1946 అక్టోబరులో ఉరితీసిన ఫీల్డ్ మార్షల్ విల్‌హెల్మ్ కైటెల్ పేరును మన పత్రికల్లో ‘కీటెల్’ అని రాస్తే అది కిట్టెల్‌కి ఒక్క అడుగు దూరంలో వచ్చి కూర్చుంటుంది. జర్మన్‌లో ఈ, ఐ అక్షరాలు ఆ వరసలో పక్కపక్కన వస్తే పలుకుబడి ‘ఐ’. కాబట్టి ఆయన కైటెల్. జాబితా అడుగున ‘ఇవీ చూడండి’ అని ఒక్క వాక్యంలో చెప్పండి, లోపల మాత్రం చేర్చకండి.

రెండోది కిట్ల్, చివరి ఎల్ ముందు అచ్చు లేని రూపం. ప్రాగ్ సంగీత కళాశాలకి డైరెక్టరుగా పనిచేసిన స్వరకర్త యోహాన్ ఫ్రీడ్రిక్ కిట్ల్ (1806–1868) ఈ పేరువాడు. ఈయనకి పక్కనే యోహాన్ క్రిస్టియాన్ కిట్టెల్ (1732–1809) ఉన్నాడు, ఎర్ఫుర్ట్ ఊళ్లో ఆర్గన్ వాద్యకారుడు, స్వరకర్త బాఖ్ చివరి శిష్యుల్లో ఒకడు. ఇద్దరూ యోహాన్లే, ఇద్దరూ సంగీతకారులే, తెలుగులో రాస్తే ఇంటిపేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. మూల భాష అక్షరాలు కార్డు మీద రాసుకోమన్నది ఇందుకే.

మూడోది కిట్టెల్ లాంటి అక్షరాలతో మొదలయ్యే వేరే ఇంటిపేర్లు. జర్మన్ మీడియా సిద్ధాంతవేత్త ఫ్రీడ్రిక్ కిట్లర్, జానపద భూతాల బొమ్మలు గీసిన నార్వే చిత్రకారుడు థియోడర్ కిట్టెల్సెన్ ఈ కోవకి చెందుతారు. వీళ్లకి స్థానం లేదు.

నాలుగోది చాలామంది పట్టుకోలేనిది. నార్వేలో కిట్టెల్ అనేది మనిషికి పెట్టే పేరు, ఇంటిపేరు కాదు. పాత నార్స్ భాషలో కాగు, డేగిసా అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది, జర్మన్ అంగీకి దానికీ ఏ సంబంధమూ లేదు. నార్వేలో పుట్టి అమెరికాలో మిన్నెసోటా నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికైన కిట్టెల్ హాల్వొర్సన్ (1846–1936) పేరులో కిట్టెల్ ముందుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటున్న మనకి అదే ఇంటిపేరులా అనిపిస్తుంది. కాదు, ఆయన ఇంటిపేరు హాల్వొర్సన్.

8. పేరు మార్చుకున్నవాళ్లను లోపలికి తెండి

1945లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్ అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి సుదేతెన్ జర్మన్ ప్రాంతం (ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉంది) నుంచి వలస వచ్చిన బేకరీ పనివాడు, తల్లి డెయిజీ విల్సన్ ఆఫ్రికన్ అమెరికన్. తండ్రి 1965లో పోయాక ఆ కుర్రవాడు తల్లి ఇంటిపేరు తీసుకుని ఆగస్ట్ విల్సన్ అయ్యాడు. 1987లోనూ 1990లోనూ నాటకాలకి పులిట్జర్ బహుమతి అందుకున్న ఆగస్ట్ విల్సన్ ఆయనే.

కిట్టెల్ అని వెతికితే ఆయన ముందు వరసలో రాడు. మీ జాబితాలో ఉండాలి మాత్రం. పద్ధతి ఇది: ‘ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్, నాటకకర్త ఆగస్ట్ విల్సన్ (1945–2005) పుట్టినప్పటి పేరు’ అని రాసి, లంకె ఆగస్ట్ విల్సన్ పేజీకి ఇవ్వండి. ఆయన కావాలని వదిలేసిన పేరును శీర్షికగా నిలబెట్టడం మర్యాద కాదు.

ఆడవాళ్ల విషయంలో ఇదే సూత్రం ఇంకా గట్టిగా పట్టుకోవాలి. పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లు పుట్టింటి పేరు కింద వెతికితేనే దొరుకుతారు. జర్మన్ ఆధారాల్లో పుట్టింటి పేరు ముందు ‘గెబ్.’ అన్న పొట్టి రూపం ఉంటుంది, ‘గెబోరెన్’ అంటే పుట్టిన అని. దానితో కలిపి మరోసారి వెతకండి. జాబితాలో ఒక్క స్త్రీ కూడా లేకుండా ముగుస్తోందంటే ఈ దశ సరిగా చేయలేదనే ముందు అనుకోవాలి.

9. తెలుగులో ఎలా రాయాలో ఒకసారి తేల్చుకుని, దానికే కట్టుబడండి

జర్మన్‌లో రెండు టీలు ఒత్తు పలకడానికి కాదు, ముందున్న అచ్చు హ్రస్వమని చెప్పడానికి. చివరి ‘ఎ’ దాదాపు వినిపించదు, జర్మన్ నోట ఇది ‘కిట్‌ల్’కి దగ్గరగా ఉంటుంది. అయినా కిట్టెల్ అనే రాయండి. కన్నడంలో వందేళ్లకు పైగా నిలిచిన రూపం అది, మన ఫిజిక్స్ క్లాసుల్లో నోళ్లలో నలిగిన రూపమూ అదే. పైగా కిట్‌ల్ అంటే ఇందాకటి కిట్ల్‌తో కలిసిపోతుంది.

మిగిలిన పేర్లకి: యోహాన్ అనాలి, జోహాన్ కాదు, జర్మన్‌లో ఆ అక్షరం ‘య’. సాలిడ్ స్టేట్ పుస్తకం రాసిన చార్లెస్ మాత్రం చార్లెస్సే, ఆయన న్యూయార్క్‌లో పుట్టిన అమెరికన్. సైకిల్ రేసర్ మార్సెల్ పేరులో ఉన్నది ‘స’, ‘క’ కాదు. పదిహేడో శతాబ్దపు డ్రెస్డెన్ సంగీతకారుడు కాస్పర్ కిట్టెల్ (1603–1639) పేరు మూలంలో ఒకచోట ‘కే’తో, ఇంకోచోట ‘సీ’తో ఉంటుంది. అతన్ని ఇద్దరిగా లెక్కపెట్టకండి.

10. దేశం రాసేటప్పుడు ఆ కాలం చూసుకోండి

జర్మన్ ఇంటిపేరున్న ప్రతివాడినీ జర్మన్ అనేయడం కుదరదు. ఉత్తర బొహీమియా కొండల్లో వైద్యం చేసి, జనం నోట మాంత్రికుడిగా కథలెక్కిన యోహాన్ యోసెఫ్ కిట్టెల్ (1704–1783) నివసించిన ప్రాంతం ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది, చెక్కులు అతన్ని యాన్ అంటారు. ఫెర్డినాండ్ పుట్టినప్పుడు తూర్పు ఫ్రీజియా హనోవర్ రాజ్యంలో భాగం. యోహాన్ క్రిస్టియాన్ పుట్టినప్పుడు ఎర్ఫుర్ట్ మైన్జ్ ఆర్చ్‌బిషప్ ఏలుబడిలో ఉంది. గెర్హార్డ్ పుట్టిన బ్రెస్లావ్ ఇప్పుడు పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్.

వీటన్నిటినీ ఒక్క వరస వివరణలో ఇరికించలేరు. జర్మనీ ఒకే దేశంగా ఏకమైన 1871కి ముందువాళ్లకి ఊరి పేరు రాస్తే దేశం గొడవే ఉండదు: ‘ఎర్ఫుర్ట్ ఆర్గన్ వాద్యకారుడు’. ఊరు చేతులు మారి ఉంటే అప్పటి పేరు రాసి, బ్రాకెట్లో ఇప్పటి పేరు ఇవ్వండి.

11. ఒక్క వరసలో మనిషిని చెప్పండి

వివరణ పన్నెండు మాటలు దాటకూడదు. ‘ప్రసిద్ధ’, ‘మహోన్నత’, ‘పేరుగాంచిన’ తీసేయండి. ప్రసిద్ధుడు కాకపోతే జాబితాలోనే ఉండడు కదా. ఫలానా పని, ఫలానా ఏడు అని చెబితే గొప్పతనం తనంతట తెలుస్తుంది. చార్లెస్ కిట్టెల్‌కి ‘గొప్ప భౌతిక శాస్త్రవేత్త’ అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ‘అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త, 1953లో మొదట వెలువడిన సాలిడ్ స్టేట్ పాఠ్యగ్రంథ రచయిత’ అంటే ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో ఫిజిక్స్ చదివినవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

చేదు నిజం ఉన్నచోట దాన్నీ ఆ వరసలోనే చెప్పాలి. గెర్హార్డ్ కిట్టెల్ సంపాదకత్వంలో 1930లలో మొదలైన కొత్త నిబంధన పదకోశాన్ని నేటికీ పండితులు వాడుతున్నారు. అదే మనిషి 1933లో నాజీ పార్టీలో చేరాడు, యూదులకి వ్యతిరేకంగా ప్రసంగించాడు, రాశాడు, 1945లో ఫ్రెంచి సేనలు అతన్ని నిర్బంధించాయి. పదకోశం ఒక్కటే రాస్తే పాఠకుడిని మోసం చేసినట్టు. పార్టీ ఒక్కటే రాస్తే ఆ పుస్తకం చేతిలో ఉన్నవాడికి ఇతనెవరో తెలియదు. ‘కొత్త నిబంధన పండితుడు, పదకోశ సంపాదకుడు, నాజీ పార్టీ సభ్యుడు’ అంటే రెండూ పడతాయి. పైలట్ ఒట్టో విషయంలో విశేషణాలు అసలు వద్దు. ఏ సైన్యం, ఏ యుద్ధం, ఎన్ని విమానాలు, అంతే.

12. వరస పెట్టండి

తెలుగు అకారాది క్రమం ఇక్కడ అంతగా పనికిరాదు. మొదటి పేరును ఎలా రాశారన్న దాన్ని బట్టి స్థానం మారిపోతుంది, ఒట్టో అన్నా ఓటో అన్నా చోటు వేరు. పుట్టిన ఏడు ప్రకారం పెడితే ఎవరూ వాదించలేరు. పైగా తండ్రి తర్వాత కొడుకు వస్తాడు. ఒకే పేరున్న బ్రూనోల కోసం మాత్రం ఈ వరసను సడలించి, పెద్దవాడి వెంటనే చిన్నవాడిని పెట్టండి. ఇంతవరకు చూసినవాళ్లతో జాబితా ఇలా తేలుతుంది (ఆడవాళ్ల కోసం వెతికే పని ఇంకా మిగిలే ఉంది):

కాస్పర్ కిట్టెల్ (1603–1639), డ్రెస్డెన్ సంగీతకారుడు
యోహాన్ యోసెఫ్ కిట్టెల్ (1704–1783), ఉత్తర బొహీమియా వైద్యుడు
యోహాన్ క్రిస్టియాన్ కిట్టెల్ (1732–1809), ఎర్ఫుర్ట్ ఆర్గన్ వాద్యకారుడు, బాఖ్ శిష్యుడు
ఫెర్డినాండ్ కిట్టెల్ (1832–1903), మిషనరీ, కన్నడ–ఇంగ్లిష్ నిఘంటువు (1894) కర్త
రుడాల్ఫ్ కిట్టెల్ (1853–1929), పాత నిబంధన పండితుడు
బ్రూనో కిట్టెల్ (సంగీత నిర్వాహకుడు) (1870–1948), బెర్లిన్‌లో బృందగాన మండలి స్థాపకుడు
బ్రూనో కిట్టెల్ (ఎస్‌ఎస్ అధికారి) (జననం 1922), విల్నా గెట్టో విధ్వంసాన్ని నడిపినవాడు
గెర్హార్డ్ కిట్టెల్ (1888–1948), రుడాల్ఫ్ కొడుకు, కొత్త నిబంధన పండితుడు, పదకోశ సంపాదకుడు. నాజీ పార్టీ సభ్యుడు
చార్లెస్ కిట్టెల్ (1916–2019), అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త, సాలిడ్ స్టేట్ పాఠ్యగ్రంథ రచయిత
ఒట్టో కిట్టెల్ (1917–1945), రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ వైమానిక దళ పైలట్, 267 విమానాలు కూల్చినట్టు లెక్క
ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్, నాటకకర్త ఆగస్ట్ విల్సన్ (1945–2005) పుట్టినప్పటి పేరు
మార్సెల్ కిట్టెల్ (జననం 1988), జర్మన్ సైకిల్ రేసర్, టూర్ డి ఫ్రాన్స్‌లో 14 దశల విజేత

13. బయటపెట్టే ముందు, పెట్టాక

బయటపెట్టే ముందు జాబితాను కిందినుంచి పైకి చదవండి. పైనుంచి చదివితే కళ్లు అలవాటుగా దాటేస్తాయి. ప్రతి వరసలోనూ సంవత్సరాలను కార్డుతో సరిచూడండి. అంకెలు తారుమారవడం, 1853 కాస్తా 1835 కావడం, ఈ పనిలో అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు. ఫెర్డినాండ్ భారతదేశానికి వచ్చిన ఏడూ రుడాల్ఫ్ పుట్టిన ఏడూ 1853 కావడంతో ఒకరి అంకె ఇంకొకరి వరసలోకి పోవడం కూడా తేలికే.

ప్రతి లంకె నొక్కి చూడండి. బ్రూనోల లంకెలు రెండుసార్లు నొక్కండి.

బతికున్నవాళ్ల వరసల్లో మారే విషయం పెట్టకండి. ఆటగాడు ఫలానా జట్టుకి ఆడుతున్నాడని రాస్తే వచ్చే ఏడాదికి అది అబద్ధమవుతుంది. మార్సెల్ 2019లో రేసులు మానేశాడు కాబట్టి అతని 14 విజయాలు ఇక మారవు, ఆ అంకె నిశ్చింతగా ఉంచవచ్చు. ఫుట్‌బాలర్ సోనీ కిట్టెల్ (జననం 1993) లాంటివాళ్లను చేర్చాలంటే ‘జర్మన్ ఫుట్‌బాల్ ఆటగాడు’ దగ్గర ఆపండి.

కార్డులు పారేయకండి. ఎవరో వచ్చి ఫెర్డినాండ్‌ని రుడాల్ఫ్ తండ్రిని చేసిన రోజున, ఒకరు ఎనింగెన్‌లో పుట్టారనీ ఒకరు రెస్టర్‌హాఫెలో పుట్టారనీ చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ కార్డే.